నాలుగు మరలు... నాలుగు లక్షలు!

ఆకారం ఒకటే. తీగలు ఆరే. ఒకదాని ధర పదిహేను వేలు, ఇంకోదాని ధర నాలుగు లక్షలు. ఖరీదైన ఎలక్ట్రిక్ గిటార్ ఆ ధరకు నిజంగా తగిందేనా? ఉద్యోగ వేటలో ఉన్న మీరు ఈ లెక్క తేల్చుకుంటే గిటార్ కొన్నా, కొనకపోయినా లాభమే.

మీరు వరికుంటపాడులో ఉన్నా, ఉదయగిరిలో ఉన్నా, ఆత్మకూరు బస్టాండులో నెల్లూరు బస్సు కోసం ఎదురుచూస్తున్నా, ఫోన్‌లో ఎలక్ట్రిక్ గిటార్ అని వెతికితే వందల బొమ్మలు వచ్చిపడతాయి. వాటిలో రెండింటిని పక్కపక్కన పెట్టి చూడండి. కింద చెక్క బాడీ, పైన పొడవాటి నెక్. రెండింటినీ కలుపుతూ వెనకవైపు ఓ చిన్న ఇనుప పలక, దానికి నాలుగు మరలు. నెక్‌ని ఇలా మరలతో బిగించే రకాన్నే బోల్ట్-ఆన్ గిటార్ అంటారు. పేరులో బోల్ట్ ఉంది కానీ, చాలావాటిలో ఉండేవి తలుపు బందులకు వేసే లాంటి చెక్క స్క్రూలే.

స్క్వియర్ లాంటి బ్రాండ్లలో ఈ రకం గిటార్ సుమారు 15 వేల నుంచి 30 వేల రూపాయల్లో దొరుకుతుంది. అదే పద్ధతిలో అమెరికాలోని ఫెండర్ కస్టమ్ షాప్, సుర్, టామ్ ఆండర్సన్ లాంటి చోట్ల తయారైన గిటార్ మన చేతికి వచ్చేసరికి మోడల్‌ని బట్టి మూడు నుంచి ఐదు లక్షలు పలుకుతుంది. ఇంకా పైకి పోయేవీ ఉన్నాయి.

కొత్తగా ఉద్యోగంలో చేరేవారికి చాలా కంపెనీలు ఇచ్చే ఏడాది ప్యాకేజీ మూడున్నర లక్షల దగ్గరే ఉంటోంది. అంటే ఒక ఏడాది కష్టం ఒక గిటార్‌తో సమానం. ‘మొదటి జీతం రాగానే ఈఎంఐలో తీసేసుకుంటా’ అనుకునేవాళ్లు మీలోనూ, మీ హాస్టల్ గదిలోనూ ఉండే ఉంటారు. అందుకే ఈ ధరను విడదీసి చూద్దాం.

చౌక కోసం పుట్టిన పద్ధతి

విచిత్రం ఏంటంటే, మరలతో బిగించడం అనేది ఖర్చు తగ్గించడానికి కనిపెట్టిన పద్ధతి. దీన్ని జనంలోకి తెచ్చిన లియో ఫెండర్ చదువుకున్నది అకౌంట్స్. 1938లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియో రిపేరు షాపు పెట్టుకున్నాడు. ఆయనకు గిటార్ వాయించడం రాదు. కానీ పాడైన వస్తువు బల్ల మీదకు వస్తే ఎక్కడ విప్పాలి, ఏది మార్చాలి అన్న చూపు ఉంది.

అప్పటిదాకా మంచి గిటార్ అంటే నెక్‌ని బాడీలోకి జిగురుతో అతికించేవారు. దానికి చేయి తిరిగిన పనివాడు కావాలి. అతుకు ఆరేదాకా ఆగాలి. నెక్ పాడైతే రిపేరు పెద్ద పని. ఫెండర్ ఈ చిక్కుల్ని నాలుగు మరలతో తెంపేశాడు. నెక్‌లు ఒకచోట, బాడీలు ఇంకోచోట తయారవుతాయి. చివర్లో రెండింటినీ కలిపి బిగిస్తారు. నెక్ అరిగిపోతే విప్పేసి కొత్తది వేసుకోవచ్చు. 1950లో బ్రాడ్‌కాస్టర్ పేరుతో వచ్చిన ఈ గిటారే 1951లో టెలికాస్టర్ అయింది. 1954లో స్ట్రాటోకాస్టర్ వచ్చింది. ఈ రోజు మీరు చూసే బోల్ట్-ఆన్ గిటార్లలో ఎక్కువ భాగం ఈ రెండింటి పిల్లలే.

మరి చౌకగా, త్వరగా చేయడానికి పుట్టిన పద్ధతికి నాలుగు లక్షలేంటి? ఈ ప్రశ్న న్యాయమైనదే. జవాబు మాత్రం మనం అనుకున్న చోట లేదు.

అప్పటి 250 డాలర్లు ఇప్పుడెంత?

1954లో ట్రెమొలో ఉన్న స్ట్రాటోకాస్టర్ ధర 249.50 డాలర్లు. వినడానికి తక్కువే. కానీ 70 ఏళ్లలో అమెరికాలో పెరిగిన ధరలతో లెక్కేస్తే 2024లో అది సుమారు 2,900 డాలర్లు అవుతుంది. ఇప్పుడు అక్కడ పేరున్న చిన్న వర్క్‌షాపుల్లో తయారయ్యే బోల్ట్-ఆన్ గిటార్లు చాలావరకు మూడున్నర వేల నుంచి ఐదు వేల డాలర్ల మధ్య ఉంటున్నాయి.

అంటే ఖరీదైన గిటార్ ధర ఆకాశానికేమీ ఎగరలేదు. అప్పటి మామూలు గిటార్ ధరకు కాస్త పైన ఉంది, అంతే. అసలు మార్పు కింది మెట్టులో వచ్చింది. కంప్యూటర్ నడిపే సీఎన్‌సీ యంత్రాలు, ఆసియా దేశాల్లోని పెద్ద ఫ్యాక్టరీలు, లక్షల్లో ఉత్పత్తి... ఇవన్నీ కలిసి అదే ఆకారాన్ని 200, 300 డాలర్లకు తెచ్చాయి.

దీన్ని లెక్కగా చూడండి. ఈ గిటార్లలో తీగ మోగే పొడవు 648 మిల్లీమీటర్లు. మొదటి మెట్టు, అంటే ఫ్రెట్, పైనుంచి 36.4 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి. పన్నెండో మెట్టు సరిగ్గా సగంలో, 324 దగ్గర ఉండాలి. ఈ లెక్క 15 వేల గిటార్‌కీ అదే, 4 లక్షల గిటార్‌కీ అదే. ఒకప్పుడు ఈ కొలత తప్పకుండా కోయడానికి మంచి పనివాడు కావాలి. ఇప్పుడు యంత్రం వెయ్యి నెక్‌ల మీద ఒకేలా కోసిపెడుతుంది. అందుకే ఈనాటి చవక గిటార్ 30 ఏళ్ల కిందటి చవక గిటార్ కంటే ఎంతో మెరుగు.

బొబ్బిలి వీణ వేరు, ఇది వేరు

‘ఖరీదైన చెక్క కదా, అందుకే శబ్దం బాగుంటుంది’ అనే మాట షాపులో తప్పకుండా వినిపిస్తుంది. ఇది ఎంతవరకు నిజమో తెలియాలంటే మన బొబ్బిలి వీణ దగ్గరకు వెళ్లాలి.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగ ఒక్కదాన్నే తొలిచి కుండ, దండి కలిసి ఉండేలా వీణ చేస్తారు. దాన్ని ఏకాండి వీణ అంటారు. అతుకు లేకపోవడమే దాని గొప్ప. ఆ వీణలో తీగ కదలిక గుర్రం మీదుగా చెక్కలోకి దిగి, కుండలోని గాలిని కదిపి మన చెవికి చేరుతుంది. చెక్క మారితే నాదం మారుతుంది. పనితనం మారినా మారుతుంది. అక్కడ చెక్కకు డబ్బు పెట్టడంలో అర్థం ఉంది.

ఎలక్ట్రిక్ గిటార్ సంగతి వేరు. దాని బాడీ గట్టి చెక్క దిమ్మ. లోపల గాలి ఉండే కుండ లేదు. తీగల కింద పికప్ ఉంటుంది. అయస్కాంతం చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నటి రాగి తీగ అది. స్ట్రాటోకాస్టర్ రకం పికప్‌లో సుమారు 8 వేల చుట్లు ఉంటాయి. పైన ఉక్కు తీగ కదిలితే ఈ చుట్టలో కరెంటు పుడుతుంది. ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిన విద్యుదయస్కాంత ప్రేరణ ఇదే. ఆ కరెంటు యాంప్లిఫయర్‌కి వెళ్లి, స్పీకర్‌లో శబ్దమవుతుంది. కాబట్టి మీరు వినే దాంట్లో పికప్, యాంప్లిఫయర్, స్పీకర్, తీగలు, వాయించే చెయ్యి... వీటి వాటా పెద్దది. చెక్క వాటా వీణలో ఉన్నంత ఉండదు.

చెవికి పరీక్ష పెడితే

మరలతో బిగిస్తే నాదం త్వరగా చచ్చిపోతుందని, జిగురుతో అతికిస్తేనే ఎక్కువసేపు నిలుస్తుందని చాలామంది నమ్ముతారు. ఆర్.ఎం. మొటోలా అనే వాద్య తయారీదారు దీన్ని కొలిచి, ఫలితాల్ని 2007లో అమెరికన్ లూథరీ పత్రికలో ప్రచురించారు. పరికరంతో కొలిస్తే మరల అతుకు వెనకబడలేదు సరికదా, కాస్త ముందే నిలిచింది. మనుషులకు వినిపిస్తే ఆ తేడా పట్టుకోలేకపోయారు.

ఇలాంటి పరీక్షే 2010లో అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో వయొలిన్లకు పెట్టారు. అనుభవమున్న 21 మంది వయొలిన్ వాద్యకారులకు కళ్లు సరిగా కనపడకుండా అద్దాలు పెట్టారు. మూడు కొత్త వయొలిన్లు, స్ట్రాడివరీ, గ్వార్నెరీల చేతి పని అయిన మూడు పాత వయొలిన్లు ఇచ్చి వాయించమన్నారు. ఇంటికి తీసుకెళ్లాలంటే ఏది తీసుకుంటారని అడిగితే ఎక్కువమంది కొత్తదాన్నే ఎంచుకున్నారు. పాతవాటి ధర కోట్లలో ఉంటుందని వేరే చెప్పాలా?

దీన్నిబట్టి ఖరీదైనవన్నీ మోసం అనుకోకూడదు. ధర తెలిసినప్పుడు మన చెవి ఒకలా వింటుంది, తెలియనప్పుడు ఇంకోలా వింటుంది. ఇంతే ఇందులో నేర్చుకోవాల్సింది.

మరి డబ్బు ఎటు పోతోంది?

శబ్దానికి కాకపోతే నాలుగు లక్షలు దేనికి? ఎక్కువ భాగం మనిషి గంటలకు.

ఉదయగిరి చెక్క చెంచాలు మీకు కొత్త కాదు. నర్ది, బిక్కి లాంటి చెక్కతో చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చేసే ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ముతకగా కోసిన చెంచానూ, అరగదీసి నున్నగా చేసి పిడి మీద నగిషీ చెక్కిన చెంచానూ పక్కన పెట్టండి. చెక్క ఒకటే. తేడా అంతా ఆఖరి గంటల్లో ఉంది. గిటార్‌లోనూ అంతే.

యంత్రం కోసిన నెక్‌కి 21, 22 మెట్లు కొట్టాక అసలు పని మొదలవుతుంది. మెట్లన్నీ ఒకే ఎత్తులో ఉండేలా ఆకురాయితో సమం చేయాలి. ఒక్క మెట్టు వెంట్రుకవాసి ఎత్తుగా ఉన్నా తీగ గరగరమంటుంది. ప్రతి మెట్టు అంచుని చేతికి గీసుకోకుండా గుండ్రం చేయాలి. తీగలు కూర్చునే నట్ గాట్లు సరైన లోతులో కోయాలి. బాడీలో నెక్ కూర్చునే గాడి వదులు లేకుండా ఉండాలి.

ఈ గాడి విలువేంటో ఫెండర్ చరిత్రే చెబుతుంది. 1965లో లియో ఫెండర్ తన కంపెనీని సీబీఎస్‌కి 1.3 కోట్ల డాలర్లకు అమ్మేశాడు. 1971 నుంచి స్ట్రాటోకాస్టర్‌కి నాలుగు మరల బదులు మూడు వేశారు. నెక్ పక్కకు జరుగుతోందన్న చెడ్డపేరు వచ్చింది. లోపం మరల లెక్కలో కంటే గాడి కొలతలో ఎక్కువ ఉందని తయారీదారులు చాలామంది అంటారు. 1985లో ఉద్యోగులే కొందరు ముందుకొచ్చి కంపెనీని కొన్నారు. 1987లో కస్టమ్ షాప్ పెట్టి, చేతి పనికి వేరే ధర కట్టారు.

గంటల తర్వాత లెక్కలోకి వచ్చేది చెక్క. అందం, బరువు, ముఖ్యంగా ఎంత బాగా ఆరింది అన్నది. వానాకాలంలో ఇంటి తలుపు ఉబ్బి పట్టేయడం మీరు చూసే ఉంటారు. గిటార్ నెక్ కూడా అలాగే కదులుతుంది. మే నెల ఎండకు చెక్క కుంచించుకుపోతే లోహపు మెట్ల అంచులు బయటికి పొడుచుకొస్తాయి. అక్టోబరు, నవంబరు వానలకు నెక్ వంపు మారుతుంది. పడమటి నెల్లూరులో ఈ రెండు కాలాలూ గట్టిగానే ఉంటాయి. బాగా ఆరిన చెక్క, వేడిచేసి తేమ తీసేసిన మేపుల్ ఈ కదలికను తగ్గిస్తాయి. ఈ సుగుణం ఇప్పుడు మధ్యస్థాయి గిటార్లలోకీ వస్తోంది.

చెక్క పేరుకీ కొంత ధర ఉంటుంది. మన వెలిగొండల ఎర్రచందనం జపాన్‌లో షామిసెన్ అనే మూడు తీగల వాద్యానికి నెక్‌గా వాడతారు. మేలురకం షామిసెన్ అంటే అక్కడ ఆ చెక్కే. గిటార్లలో మెట్లు కొట్టే పలకకు మన ఇరుగుడు, అంటే ఇండియన్ రోజ్‌వుడ్, ఎన్నో ఏళ్లుగా వెళ్తోంది. 2017లో రోజ్‌వుడ్ జాతి మొత్తాన్ని అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ కిందకు తెచ్చినప్పుడు గిటార్ కంపెనీలు కాగితాల పనితో సతమతమయ్యాయి. 2019లో తయారైన వాద్యాలకు మినహాయింపు ఇచ్చారు. అడవిలో చెట్టుకి ఒక నియమం మారితే షాపులో గిటార్ ధర కదులుతుంది.

మిగతాది అమెరికా కూలి రేట్లు, నెలకు కొన్నే చేసే చిన్న వర్క్‌షాపు ఖర్చు, మంచి హార్డ్‌వేర్, ఓడ లేదా విమానం రవాణా, మన కస్టమ్స్ సుంకం, జీఎస్టీ, డీలర్ లాభం. వీటన్నిటి మీద పేరు. ఇంకో తమాషా ఖర్చూ ఉంది. కొత్త గిటార్ రంగుని కావాలని గీకి, అంచులు అరగదీసి యాభై ఏళ్ల పాతదానిలా చేసి అమ్ముతారు. అలా పాతబరచినందుకు ధర తగ్గదు, పెరుగుతుంది!

ఎవరికి ఈ ధర తగును?

ఇప్పుడు తీర్పు చెప్పొచ్చు. ఖరీదైన బోల్ట్-ఆన్ గిటార్ ధర అబద్ధం కాదు. ఆ గంటలు నిజం, ఆ కొలతలు నిజం. కానీ ఆ డబ్బుతో మీరు కొనేది శబ్దం కంటే ఎక్కువగా నమ్మకం. పెట్టెలోంచి తీసిన క్షణం నుంచి శ్రుతి నిలుస్తుందని, ఏ మెట్టూ గరగరమనదని, వేదిక మీద చెయ్యివ్వదని.

ఆ నమ్మకం వల్ల రోజూ సంపాదన ఉన్నవారికి అది తగిన ధరే. సినిమా రికార్డింగులకు, పెద్ద కచేరీలకు వెళ్లేవారు ఒక్క గంట పాడైతే నష్టపోతారు. వారికి అది పనిముట్టు. డబ్బుకు వెతుక్కోనక్కర్లేని, అందమైన వస్తువు మీద ఇష్టం ఉన్నవారికీ తప్పేం లేదు.

మీకు? ఇంకా ఉద్యోగం వెతుక్కుంటున్న మీకు ఆ నమ్మకంలో ఎక్కువ భాగం పది రెట్లు తక్కువ ధరకు దొరుకుతుంది. 15 వేల నుంచి 30 వేల గిటార్ కొని, తెలిసిన వ్యక్తితో మెట్లు, నట్, నెక్ వంపు సరిచేయించుకుంటే చాలు. పాతిక వేల నుంచి 80 వేలకు వెళ్తే తేడా చేతికి తెలుస్తుంది. రెండు లక్షల నుంచి నాలుగు లక్షలకు వెళ్తే ఆ తేడా కోసం వెతుక్కోవాలి.

ఈఎంఐ లెక్క కూడా చూడండి. నాలుగు లక్షలు, 16 శాతం వడ్డీ, మూడేళ్లు అనుకుందాం. నెలకు సుమారు 14,060 రూపాయలు కట్టాలి. మొత్తం కట్టేది 5 లక్షల 6 వేలు దాటుతుంది. మూడున్నర లక్షల ప్యాకేజీలో నెలకు చేతికొచ్చేది పాతికవేల చుట్టుపక్కల. ఊళ్లో ఇంటికి పంపాల్సింది, హైదరాబాద్‌లోనో చెన్నైలోనో గది అద్దె, మెస్ బిల్లు పోగా ఏం మిగులుతుంది? ఇంకో కంపెనీలో మంచి అవకాశం వస్తే రెండు నెలలు జీతం లేకుండా ఆగే ధైర్యం కూడా ఆ ఈఎంఐ తినేస్తుంది. అసలు నష్టం అది.

వాళ్లేం వాయించారు?

వాద్యం వల్ల వాద్యకారుడు పుడతాడనుకుంటే ఈ నాలుగు ఉదాహరణలు చూడండి.

• ఎడ్డీ వాన్ హేలెన్ 1978 నాటి తొలి ఆల్బమ్‌లో మోగించిన గిటార్‌ని సొంతంగా బిగించుకున్నాడు. లోపం ఉందని పక్కన పెట్టిన బాడీకి 50 డాలర్లు, నెక్‌కి 80 డాలర్లు పెట్టాడు. మరల పద్ధతి కాబట్టే అది సాధ్యమైంది.

• ఎరిక్ క్లాప్టన్ 1970లో పాత స్ట్రాటోకాస్టర్లు కొన్ని కొని, మూడింటి మంచి భాగాల్ని కలిపి ఒకటి చేసుకున్నాడు. అదే బ్లాకీ. 2004లో వేలంలో 9,59,500 డాలర్లకు పోయింది. ఆ ధర చెక్కది కాదు, ఆయన వాయించిన ఏళ్లది.

• క్వీన్ బృందం గిటారిస్టు బ్రయాన్ మే తన గిటార్‌ని కుర్రవాడిగా ఉన్నప్పుడు 1963లో తండ్రితో కలిసి చేయడం మొదలుపెట్టాడు. నెక్ చెక్క ఓ పాత చలిమంట గూడు పైపలక నుంచి వచ్చింది.

• మన పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ తీసుకుని, జంట తీగల బదులు ఐదు ఒంటి తీగలతో కర్ణాటక సంగీతానికి సరిపోయేలా మార్చుకున్నారు. ప్రపంచమంతా విన్నది.

వీళ్లంతా వాద్యాన్ని విప్పి చూడటానికి భయపడనివాళ్లు. ఆ గుణం కొనడానికి దొరకదు గానీ, నేర్చుకోవడానికి దొరుకుతుంది.

కొనే ముందు ఇవి చూడండి

• గిటార్‌ని తల వైపు నుంచి ఒక కన్ను మూసి చూడండి, వడ్రంగి దూలం చూసినట్టు. నెక్ మెలి తిరిగి ఉంటే వదిలేయండి. కొంచెం వంపు ఉంటే లోపలి ఇనుప కడ్డీతో సరిచేయొచ్చు.

• నెక్ రెండు అంచుల వెంట అరచేయి జరపండి. మెట్లు గీసుకోకూడదు.

• ప్రతి తీగనూ ప్రతి మెట్టు దగ్గర మీటండి. ఓపిక కావాలి, కానీ పది నిమిషాల పనే.

• పన్నెండో మెట్టు దగ్గర నొక్కి మీటిన స్వరం, నొక్కని తీగ స్వరానికి సరిగ్గా పై స్థాయి కావాలి. ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టి చూడండి.

• నెక్‌ని మెల్లగా పక్కకు నొక్కి వదలండి. శ్రుతి మారిపోతే గాడి వదులుగా ఉన్నట్టు.

• రెండు గిటార్లు పోల్చేటప్పుడు ఒకే యాంప్లిఫయర్, ఒకే సెట్టింగ్ ఉండాలి. మీరు వెనక్కి తిరిగి నిలబడండి, మీ ఫ్రెండ్‌ని వాయించమనండి. ఏది ఏదో చెప్పలేకపోతే తక్కువ ధరది తీసుకోండి.

• బడ్జెట్‌లో యాంప్లిఫయర్, కేబుల్, అదనపు తీగలు, బ్యాగ్ కలిపి లెక్కేయండి. 30 వేలు ఉంటే 30 వేల గిటార్ కొనకండి.

ఆ గంటలు మీరు అమ్మగలరా?

ఇక్కడి నుంచి కెరియర్ మాట. నాలుగు లక్షల్లో పెద్ద వాటా నైపుణ్యం ఉన్న గంటలదే అయితే, ఆ గంటల్ని కొనేవాడిగానే ఎందుకుండాలి?

మొదటి పాఠం మీ చవక గిటారే. తీగలు వదులు చేసి, వెనక నాలుగు మరలు విప్పి, నెక్‌ని తీసి చూడండి. మళ్లీ బిగించేటప్పుడు మరను ముందు వెనక్కి తిప్పండి. పాత గాడిలో టక్కున కూర్చున్నట్టు తెలుస్తుంది. అప్పుడు ముందుకు తిప్పితే చెక్క చెడదు. నెక్ లోపలి కడ్డీని ఒకసారికి పావు చుట్టుకంటే ఎక్కువ తిప్పకండి. పదిసార్లు ఇలా చేస్తే కాలేజీలో మీ ఫ్రెండ్స్ గిటార్లు మీ దగ్గరకే వస్తాయి. సెటప్, రిపేరు తెలిసినవారు చిన్న పట్టణాల్లో దొరకడం కష్టం. పార్ట్‌టైమ్ ఆదాయానికి ఇది మంచి దారి.

చెక్క పని పద్ధతిగా నేర్చుకోవాలంటే ఐటీఐల్లో కార్పెంటర్ ట్రేడ్ ఉంది. బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీ చెక్క పని యంత్రాల మీద శిక్షణ ఇస్తుంది. డిజైన్ వైపు ఇష్టం ఉంటే మన రాష్ట్రంలోనే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ ఉంది. వాయించడమే వృత్తి చేసుకోవాలనుకుంటే నెల్లూరుకి చెన్నై దగ్గరే. అక్కడ 2008లో మొదలైన కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీ లాంటి సంస్థలున్నాయి. ట్రినిటీ, రాక్‌స్కూల్ గ్రేడ్ పరీక్షలు పాసైతే పాఠాలు చెప్పుకునేటప్పుడు చూపించడానికి ఒక కాగితం ఉంటుంది.

మెకానికల్ చదివినవారికి నెక్ గాడి అంటే సీఎన్‌సీ కొలతల పాఠం. ఈసీఈ వారికి పికప్ ఒక మంచి ప్రాజెక్టు. బీకామ్ వారికి 3,500 డాలర్ల గిటార్ రవాణా, సుంకం, పన్ను, లాభం కలుపుకొని మన షాపులో ఎంతకు తేలుతుందో రాయడం ఒక కాస్టింగ్ లెక్క. ఇంటర్వ్యూలో ‘మీ హాబీ?’ అని అడిగితే ‘గిటార్’ అని ఆగిపోకండి. ‘పదిహేను వేల గిటార్‌కీ నాలుగు లక్షల గిటార్‌కీ తేడా విడదీసి చూశాను’ అని మొదలుపెట్టండి. ఎదుటివారు ముందుకు జరిగి వింటారు. ఏ వస్తువుకైనా ధర ఎక్కడ పుడుతుందో చెప్పగలిగినవారి కోసమే కంపెనీలు వెతుకుతుంటాయి.

చివరిగా ఒక్క మాట. కాలిఫోర్నియా పనివాడు ఆకురాయి పట్టిన ప్రతి గంటకూ బిల్లులో చోటుంది. ఉదయగిరిలో చెంచా నున్నగా చేసిన గంటలకు అలా లెక్కగట్టి ధర రాసే అలవాటు మన దగ్గర ఇంకా రాలేదు. రేపు మీరు ఏ పని చేసినా, గిటార్ సరిచేసినా, కోడ్ రాసినా, మీ ఊరి చెక్క సామాను ఆన్‌లైన్‌లో అమ్మినా, మీ గంటల్ని కాగితం మీద పెట్టడం నేర్చుకోండి. నాలుగు లక్షల గిటార్ కొనే రోజు వస్తే అప్పుడు కొనుక్కోవచ్చు. ఆ రోజుకి ఆ ధర ఎందుకో మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు.